మూడో గుండు

జూన్ 3

వసపిట్టకు,

అన్నయ్య రాస్తున్నాను. ముందుగా నా రాతను మన్నించు. ఐదో తరగతితో ఆగిన చదువు. కొమ్ములు, ఎత్వాలు నా చేతిలో ఒకదాని బదులు ఇంకొకటి పడతాయి. తప్పులుంటే దిద్దుకుని చదువుకో. బంగారం మీద అయితే వెంట్రుకంత గీత గీయగలను. కాగితం చూస్తే చెయ్యి బిగుసుకుపోతుంది.

ఫోనులో నీకు సరిగా వినపడదు. నాకు మాట పెగలదు. అందుకే ఉత్తరం.

నీ పైత్యపు తిత్తిలో రాళ్లున్నాయని, ఆపరేషన్ చేసి తిత్తి తీసేయాలని డాక్టరు చెప్పాడట. చచ్చినా ఆ గదిలోకి వెళ్లనని నువ్వన్నావట. మేనల్లుడు మీ వదినతో చెప్పుకుని బాధపడ్డాడు. బావగారు ఆ గదిలోకి వెళ్లి తిరిగి రాలేదు. నీ భయం నాకు తెలుసు. అందుకే తిట్టను.

ఒక్క మాట. నాకూ అవే రాళ్లు. మన అమ్మ ఇద్దరికీ సమానంగా పంచిన ఆస్తి అనుకో. నేను ముందు వెళ్తాను. నువ్వు చూస్తూ ఉండు. నేను బాగా తిరిగొస్తే నువ్వూ వెళ్లాలి. రాకపోతే నీ మాటే గెలిచినట్టు.

ఇక్కడ మత్తు ఇచ్చే డాక్టరమ్మ ఉంది. బొగ్గుల పొగకు, సిగరెట్లకు నా ఊపిరితిత్తులు నీరసించాయంది. సిగరెట్టు మానాలి. రోజూ నడవాలి. ఊపిరి సాధనకు ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. అందులో బాగుపడితేనే తేదీ ఇస్తుందట. పొద్దున్నే కూర్చుని ఊదుతున్నాను. ఎంత ఊదినా గుండె లేవడం లేదు. ముందు ఒకటి లేవాలి. తర్వాత రెండోది, మూడోది. నాకు మొదటిదే కదలడం లేదు.

దిగులు పడకు. సాధన మానను.

నీ అన్నయ్య


జూన్ 9

అన్నయ్యకు,

క్షేమమా అని అడగను. క్షేమంగా ఉన్నవాళ్లు ఇలాంటి ఉత్తరాలు రాయరు.

నీ ఉత్తరం కళ్లద్దాలు తుడుచుకుని చదివాను. నమ్మకం కుదరక కోడలి చేత చదివించాను. ఆ పిల్లా అదే చదివింది. గుండె లేవడం లేదు, ముందు ఒకటి లేవాలి, తర్వాత రెండోది, మూడోది. మనిషికి గుండెలు మూడా అన్నయ్యా? ఒకటి వదినకిచ్చి, ఒకటి కొట్లో పెట్టి, ఇంకోటి ఎక్కడ దాచావు?

"పెద్దమావయ్యగారికి ఏమైనా మతి తప్పిందా అత్తయ్యా?" అంది కోడలు.

"మా అన్నయ్య రోజు మొత్తానికి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. మతి తప్పినా బయటి వాళ్లకు తెలిసే దారి లేదు" అన్నాను.

ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వు ఆగాక నాకు ఏడుపొచ్చింది. నీ గుండె బాగాలేదు, అంతే కదూ? నువ్వు దాన్ని సగం చెప్పి సగం మింగావు. చిన్నప్పటి నుంచీ నీ పద్ధతే అంత. గుండె కదలని మనిషిని బల్ల ఎక్కిస్తామనే వాళ్లు డాక్టర్లేనా? నా కోసం నువ్వు ఆ పందెం కాయొద్దు. నేను రానన్నది రాననే. నువ్వూ వెళ్లకు.

మీ బావగారు ఆ తలుపులోకి వెళ్తూ చెప్పులు విప్పి నా చేతికిచ్చారు. "పట్టుకో, ఇప్పుడే వస్తా" అన్నారు. ఆ చెప్పులు ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నీకు తెలుసు. పక్కన నువ్వే ఉన్నావు. నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు.

నాకు నొప్పి వచ్చి పోతోంది. మొన్న స్కూలు పిల్లల చొక్కాలు కుడుతూ మిషను మీదే వాలిపోయాను. సూది కాలర్ మీద నుంచి చేతి మీదకు రాలేదు, అది అదృష్టం. కాసేపటికి తగ్గింది. ఓర్చుకోగలను. ఆడవాళ్లం ఓర్చుకోవడానికే పుట్టాం అని రాస్తే నువ్వు కోప్పడతావని రాయడం లేదు.

ఆ గుండె సంగతి దాచకుండా రాయి.

నీ వసపిట్ట


జూన్ 14

చెల్లెమ్మకు,

గుండె కాదు. గుండు. కొమ్ము పడాల్సిన చోట ఎత్వం పడింది. నీ ఉత్తరం చదివి మీ వదిన తల బాదుకుంది.

ఆ డబ్బాలో మూడు గొట్టాలుంటాయి. ఒక్కో గొట్టంలో ఒక ప్లాస్టిక్ గుండు. గోళీకాయ కంటే కాస్త పెద్దది. ఊపిరి బలంగా ఉంటే గుండ్లు పైకి లేస్తాయి. నా గుండెకేం లేదు. పరీక్ష చేశారు. ఒకటే ఉందన్నారు. బాగా కొట్టుకుంటోందన్నారు.

ఇంకో సంగతి రాయాలి. సిగ్గుగా ఉంది. ఆ డబ్బాలో ఊదకూడదట. పీల్చాలట. గొట్టం నోట్లో పెడితే నాకు తెలిసింది ఊదడమే. ఊదుగొట్టంతో నిప్పు రాజేసి బంగారం కరిగించి బతికినవాణ్ని. ఎంత ఊదినా గుండ్లు కదలకపోతే డబ్బాను తలకిందులు చేశాను. అప్పుడు ఊదితే మూడూ లేచాయి. మీ వదినను పిలిచి చూపించాను. ఆమె చప్పట్లు కొట్టింది. ఆ ఊపులో ఆసుపత్రికి వెళ్లి, డాక్టరమ్మ ముందు డబ్బాను బోర్లా పట్టుకుని ఊదాను.

ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. "తాతగారూ, ఇన్నాళ్లూ నిప్పుకు గాలి ఇచ్చారు. ఇప్పుడు మీకు మీరు ఇచ్చుకోండి" అంది. డబ్బా నిలబెట్టి పీల్చి చూపించింది.

పీల్చడం కష్టం. మొదటి గుండు లేచింది. రెండోది సగం దాకా వచ్చి పడిపోయేది. నువ్వు మిషను మీద వాలిపోయావని చదివాక నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో పీలిస్తే రెండోది పైన టక్కుమని తగిలింది. మూడోది ఇంకా మొండికేస్తోంది.

సిగరెట్టు మానేశాను. చెయ్యి ఊరికే జేబులోకి పోతోంది. మీ వదిన ఆ జేబులో లవంగాలు పోసింది. కొట్టు కట్టేశాక వంతెన చుట్టూ తిరిగి ఇంటికి నడిచి వస్తున్నాను. మొదట్లో వంతెన మీద ఆగి ఆగి వచ్చేవాణ్ని. ఇప్పుడు ఆగడం లేదు.

బావగారి సంగతి రాశావు. నేను ఒక మాట రాస్తాను. కోపం వస్తే రానీ. ఆయన నొప్పి దాచుకున్నారు. లోపల పేగు పగిలాక తీసుకెళ్లాం. ఆ గది ఆయన్ని తీసుకుపోలేదు. ఆలస్యం తీసుకుపోయింది. నువ్వు ఇప్పుడు ఓర్చుకుంటానంటున్నావు. ఆయనా అదే మాట అనేవారు.

నాకు జూలై 9న ఆపరేషన్.

అన్నయ్య


జూన్ 21

అన్నయ్యకు,

కోపం వచ్చింది. నీ ఉత్తరం మడిచి మిషను సొరుగులో పడేసి రెండు రోజులు ఆ సొరుగు తెరవలేదు. దారం కావలసి వస్తే కోడలిని తియ్యమన్నాను. నా ఎదురుగా నిలబడి ఆ మాట అనడానికి నీకు గొంతు రాదు. కాగితం మీద మాత్రం కత్తెర పెట్టినట్టు కోశావు.

మూడో రోజు మళ్లీ తీసి చదివాను. ఇంకేమీ రాయను దాని గురించి. నువ్వన్నది విన్నాను, అంతవరకే.

గుండు సంగతి తెలిశాక మా ఇంట్లో పండగే అనుకో. కోడలు వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. కొలతలు ఇవ్వడానికి వచ్చిన టీచరమ్మ "మీ అన్నగారికి ఎన్నో గుండు లేచింది?" అని అడిగి మరీ వెళ్తోంది. నీ మూడో గుండు కోసం ఈ వీధంతా ఎదురు చూస్తోందని గుర్తుపెట్టుకుని పీల్చు.

నిన్ను కుట్టేది ఎవరు? వాళ్ల కుట్టు చూశావా? నేను కొత్త మనిషిని పనిలో పెట్టుకుంటే ముందు పాత గుడ్డ మీద కుట్టించి చూస్తాను. ఈ బేరంలో పాత గుడ్డవి నువ్వు. గొలుసు కుట్టు వేశారా, కాజా కుట్టు వేశారా, దారం ముడి ఎక్కడ దాచారు, అంతా చూసి రాయాలి. ముడి పైకి కనపడే కుట్టు నేను నా ఒంటి మీద వేయించుకోను. వేయించుకుంటానని కాదు. మాటవరసకు.

ఇంకొకటి. అయిన వెంటనే ఉత్తరం రావాలి. నీ చేత్తో రాసిందే రావాలి. ఎంత వంకరగా ఉంటే అంత నమ్ముతాను.

వసపిట్ట


జూలై 11

గౌరవనీయులైన సోదరి గారికి నమస్కారములు.

నాకు శస్త్రచికిత్స విజయవంతముగా పూర్తి అయినది. ప్రస్తుతము కుడి భుజమునందు నొప్పి తప్ప మరే విధమైన బాధయూ లేదు. ఆహారము స్వల్పముగా తీసుకొనుచున్నాను. మీరు ఎంతమాత్రము ఆందోళన చెందవలదని కోరుచున్నాను.

ఇట్లు,
మీ సోదరుడు


జూలై 15

ఈ ఉత్తరం రాసిన వారెవరో వారికి,

అయ్యా, అమ్మా, మీరు ఎవరైనా సరే. నేను కుట్టుపని చేసుకునే దాన్ని. నాకు సొంత మిషను కుట్టూ తెలుసు, పరాయి మిషను కుట్టూ తెలుసు. మీరు పంపిన ఉత్తరం పరాయి కుట్టు.

మా అన్నయ్య నన్ను సోదరి గారూ అనడు. గౌరవనీయులైన అంతకన్నా అనడు. ఆ మాట రాయాలంటే ఆయనకు ఒక పూట పడుతుంది, అందులో మూడు తప్పులుంటాయి. మీ ఉత్తరంలో ఒక్క తప్పు లేదు. తప్పు లేని ఉత్తరం చూడగానే మా అబ్బాయి చేత ఫోను చేయించాను. నిజం చెప్పండి. ఆయన ఉన్నాడా? రాళ్లున్నది కడుపులో అయితే భుజం ఎందుకు కోశారు?

మా అబ్బాయి ఫోను చేస్తే మా వదిన బాగున్నారనే అంది. మా ఆయన లోపల ఉన్నప్పుడు నాతో కూడా అందరూ బాగున్నారనే అన్నారు. అందుకని నాకు ఆ మాట చాలదు.

మా అన్నయ్య చేత ఒక్క ముక్క రాయించండి. అక్షరం పడిపోయినా పరవాలేదు.

ఆయన చెల్లెలు


జూలై 20

గొడవల తల్లికి,

నేనే. ఇదిగో నా రాత.

ఆ రోజు కుడిచేతికి సెలైను సూది ఉంది. నర్సమ్మ రాసిపెడతానంది. నేను చెప్పింది "చెల్లెమ్మా, అయిపోయింది, బాగున్నాను, భుజం లాగుతోంది" అని. ఆమె దాన్ని అలా పెద్ద మాటలతో రాసింది. చదివి వినిపించినప్పుడు నాకే ఎవరిదో అనిపించింది. అంత అందంగా రాసిన పిల్లకు బాగాలేదని ఎలా చెప్పను. ఊరుకున్నాను. కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నీ ఉత్తరం ఆమెకిచ్చాను. చదివి నాకంటే ఎక్కువ సిగ్గుపడింది.

భుజం కోయలేదు. కడుపులోకి గాలి పంపి ఉబ్బించి పని చేస్తారట. ఆ గాలి మిగిలితే భుజం లాగుతుందట. నడిస్తే పోతుందన్నారు. నడిచాను. పోయింది.

అంతా వరసగా రాస్తాను. నీకు పనికొస్తుంది.

ముందు రోజు పొద్దున్న మూడో గుండు లేచింది. పైన అంటుకుని నిలబడింది. మీ వదిన వంట వదిలేసి వచ్చి చూసింది. నేనే పీల్చానా, నిలబెట్టే పట్టుకున్నానా అని అటూ ఇటూ తిరిగి చూసింది. నిలబెట్టే పట్టుకున్నాను. మీ వీధిలో చెప్పు.

రాత్రి నుంచి ఏమీ తినొద్దన్నారు. తినలేదు. లోపల నా చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ "పీల్చండి తాతగారూ, ఊదకండి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే నిద్ర పట్టింది. లేచేసరికి అయిపోయింది. ఇంతే ఆ గది. నేను చూసి వచ్చి చెబుతున్నాను.

సాయంత్రానికే లేపి నిలబెట్టారు. లేవలేననుకున్నాను. లేచాను. దగ్గు వస్తే కడుపు మీద దిండు అదుముకుని దగ్గమన్నారు. అలా చేస్తే నొప్పి తక్కువ. డబ్బా మళ్లీ ఇచ్చారు. మొదటి రోజు ఒకటే గుండు లేచింది. మనసు చివుక్కుమంది. మళ్లీ పట్టుబట్టాను. ఇప్పుడు మూడూ లేస్తున్నాయి. మెట్లెక్కితే ఆయాసం లేదు. ఆపరేషనుకు ముందు కంటే ఊపిరి బాగుంది. బరువులు ఎత్తొద్దన్నారు. ఊదుగొట్టం కొన్నాళ్లు ముట్టొద్దన్నారు. కొట్లో కూర్చుని గొలుసులు అతికే పని మా శిష్యుడికి చెప్పి చేయిస్తున్నాను. చెప్పడమే కష్టంగా ఉంది.

కుట్టు సంగతి. నాలుగు చిన్న గాట్లు. ఒకటి బొడ్డు దగ్గర. మిగతావి ఎక్కడో రాయను. అద్దంలో చూశాను. గొలుసు కుట్టు కాదు, కాజా కుట్టు కాదు. దారం లోపలి నుంచే పోయింది. ముడి ఎక్కడ దాచారో నా కంటికి దొరకలేదు. రవ్వలు పొదిగే కన్ను ఇది. దీనికే దొరకలేదంటే చూసుకో.

రాళ్లు సీసాలో వేసి ఇచ్చారు. బతుకంతా రాళ్లు పొదిగాను. ఇంత వికారమైనవి చూడలేదు.

నేను తిరిగొచ్చాను. ఇక నీ వంతు.

అన్నయ్య


ఆగస్టు 2

అన్నయ్యకు,

నీ వంకర అక్షరాలు చూసి వాకిట్లోనే కూలబడ్డాను. కోడలు పరిగెత్తుకొచ్చి "ఏమైంది అత్తయ్యా" అంటే, "ఏమీ కాలేదే, ఏమీ కాలేదు, అదే" అన్నాను.

నర్సమ్మకు నా క్షమాపణ చెప్పు. ఆ పిల్ల చేతిరాత నాకుంటే కొట్టు బోర్డు నేనే రాసుకునేదాన్ని.

వెళ్లాను. మా డాక్టరు దగ్గరకు నా కాళ్లతో నేనే వెళ్లి తేదీ అడిగాను. ఆగస్టు 24. ఇన్నాళ్లూ అబ్బాయి లాక్కెళ్తే గుమ్మం దగ్గర తిరగబడిన మనిషినని ఆయనకు గుర్తే. "ఏం మారిందమ్మా?" అన్నాడు. "మా అన్నయ్యకు మూడో గుండు లేచింది" అన్నాను. పాపం, నా తలకు కూడా స్కాన్ రాయాలా అని చూశాడు.

నాకూ డబ్బా ఇచ్చారు. మొదటిసారే మూడూ ఎగిరి పైన కొట్టుకున్నాయి. ఊపిరి బాగుందమ్మా, ఏం చేస్తుంటారు అని అడిగితే అబ్బాయి పక్క నుంచి "మాట్లాడుతుంటుంది" అన్నాడు. అలా పుట్టాడు వాడు.

బీపీ మాత్రతో పాటు మోకాళ్లకు వేసుకునే చూర్ణం సంగతి కూడా చెప్పాను. ముందు చెప్పకూడదనుకున్నాను, తిడతారని. చెప్పడమే మంచిదైంది. అది రక్తం గడ్డకట్టనివ్వదట, వెంటనే ఆపమన్నారు. ఒప్పుకున్న చొక్కాలన్నీ ముందే కుట్టి ఇచ్చేస్తున్నాను. కొత్తవి తీసుకోవడం లేదు. మంచం పక్కన గోడకు ఒక కడ్డీ పెట్టించాను, పట్టుకుని లేవడానికి. దిండుకు కొత్త గలేబు కుట్టాను. దగ్గితే దగ్గుతాను, పాత గలేబు మీద మాత్రం దగ్గను.

భయం పోలేదు అన్నయ్యా. పగలంతా పనిలో పెట్టుకుని దాన్ని మరిచిపోతున్నాను. కత్తెర కింద పెట్టగానే వచ్చి పక్కన కూర్చుంటోంది. కానీ ఇప్పుడు దానికి ఒక మాట చెబుతున్నాను. మా అన్నయ్య చూసి వచ్చాడు, ఇంతే ఆ గది అన్నాడు అని.

నువ్వు మాత్రం రావద్దు. నీ కుట్లు ఇంకా పచ్చివి. పైగా నువ్వు ఎదురుగా మాట్లాడకుండా నిలబడితే నాకు ఏడుపొస్తుంది. ఏడుస్తూ లోపలికి వెళ్లను.

వసపిట్ట


సెప్టెంబరు 6

చెల్లెమ్మకు,

ఇల్లు చేరాను. ప్రయాణం బాగా జరిగింది. కిటికీ పక్కన సీటు దొరికింది. మీ వదిన నా ముఖం చూసి చెల్లెలి చేతి వంట పడిందన్నమాట అంది. మంచం మీద నుంచే నువ్వు వంట చేయించిన తీరు చెప్పాను. కోడలి ఓపిక మెచ్చుకుంది.

నువ్వు రావద్దన్నావు. నేను ఆ ఉత్తరానికి జవాబు రాయలేదు. రాస్తే రానని ఒప్పుకోవాలి. అందుకు రాయలేదు. నువ్వు లోపలికి వెళ్లాకే వచ్చాను. ఏడవకుండా వెళ్లావని మేనల్లుడు చెప్పాడు.

నీ దగ్గర ఉన్నన్ని రోజులూ ఒకటి చెప్పాలనుకున్నాను. నువ్వు ఖాళీ ఇవ్వలేదు. ఇచ్చినా నాకు మాట వచ్చేది కాదు. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

ఆ హాల్లో చాలామంది ఉన్నారు. నీలం రంగు కుర్చీలు. అందరూ ఆ తలుపునే చూస్తున్నారు. నేను చూడలేదు. నేల చూస్తూ కూర్చున్నాను. నీకు రాశాను కదా, ఇంతే ఆ గది అని. అది లోపల పడుకున్నవాడి మాట. బయట కూర్చుంటే ఆ గది చాలా పెద్దది. బావగారి రోజున నువ్వు ఎలా కూర్చున్నావో అప్పుడు తెలిసింది. నేను రాసిన మాట తప్పేమో, నా మాట నమ్మి నువ్వు వెళ్లావేమో అనిపించింది. మేనల్లుడిని మందులు తెమ్మని కిందికి పంపారు. నేను ఒక్కణ్నే.

తలుపు తెరుచుకుంది. లోపలి మనిషి తల బయట పెట్టి, "కుట్టుపని అమ్మగారి తాలూకు ఎవరు?" అన్నాడు. నేను లేచాను. నేనని అన్నాను. పెదవులే కదిలాయి. అతనికి వినపడలేదు. అటూ ఇటూ చూసి తలుపు మూయబోయాడు.

అప్పుడు అరిచాను. "నేను. అన్నయ్యను. ఇక్కడే ఉన్నాను."

హాలంతా నా వైపు తిరిగింది. ఒక పసిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. నా గొంతు అంత ఉందని నాకు తెలియదు. అంతమందిలో నేను నోరు తెరవడం అదే మొదలు. సిగ్గు వేయలేదు.

"మెల్లగా పెద్దాయనా" అన్నాడతను. ఇంకేదో చెప్పబోయాడు. ఈలోగా అతని వెనక నుంచి, ఆ తలుపు లోపలి నుంచి, నీ గొంతు వినపడింది. చలేస్తోందని, ఫ్యాను కట్టమని, కట్టడం చేతకాకపోతే నన్ను లేపితే నేనే కడతానని ఎవరినో దులిపేస్తున్నావు. మాట ముద్దగా ఉంది. ఆగడం మాత్రం లేదు.

అతను తల గోక్కుని, "చెప్పడానికి వచ్చింది అదే. ఆమె లేచారు" అన్నాడు.

హాల్లో అందరూ నవ్వారు. తలుపు వైపు చూస్తూ కూర్చున్నవాళ్లంతా నవ్వారు. పక్క కుర్చీలో ఒకామె, ఎవరో తెలియదు, నా చెయ్యి పట్టుకుని ఊపింది. నేనూ ఊపాను. అప్పుడు కూర్చున్నాను.

సాయంత్రం నువ్వు వరండాలో నా భుజం పట్టుకుని నడిచావు. మెల్లగా వెళ్లమని నర్సు అంటే నువ్వు విననట్టు నటించావు. నాకు వెనక పడకుండా నడవడం కష్టమైంది. ఇద్దరం ఆ చివరి కిటికీ దాకా వెళ్లి వచ్చాం. నువ్వు దారి పొడుగునా మాట్లాడావు. నేను ఒక్క మాట అనలేదు. ఆ రోజుకు నా మాటలు అయిపోయాయి.

మేనల్లుడు ఫోను చేశాడట. నిన్నటి నుంచి మిషను ముందు కూర్చుంటున్నావని, కాలితో తొక్కకుండా చేత్తో చక్రం తిప్పి చిన్న చిన్నవి కుడుతున్నావని మీ వదిన చెప్పింది. అంతవరకు సరే. తొక్కడానికి డాక్టరు ఒప్పుకునేదాకా ఆగు. ఎంత తింటున్నావు, నొప్పి ఏమైనా ఉందా, నడక సాగుతోందా, అన్నీ రాయి. ఎంత పొడుగు రాసినా చదువుతాను. పోస్టు మనిషి వచ్చే వేళకు కొట్టు గుమ్మంలోనే ఉంటున్నాను. త్వరగా జవాబు రాయి.

నీ అన్నయ్య